కొవ్వొత్తితో సైన్సు చెప్పిన బైండింగు కుర్రాడు - మైకేల్ ఫారడే

ఫారడే పేరు మనందరికీ పరీక్షల వల్ల పరిచయం. విద్యుదయస్కాంత ప్రేరణ నియమం రాసి, పక్కన తీగచుట్ట బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకుని ఆయన్ను అక్కడే వదిలేసి వస్తాం. కరెంటు పుట్టించే జనరేటర్లకు మూలం ఆయన 1831లో చేసిన ప్రయోగమని కూడా చాలామందికి తెలుసు. కానీ అంతటి శాస్త్రవేత్త 1827 నుంచి 1860 దాకా పందొమ్మిది సార్లు క్రిస్మస్ సెలవుల్లో పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వేడుకలాగా సైన్సు చెప్పాడని తెలిసినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసం ఆ ఫారడే గురించి. మన హాస్టల్ విద్యార్థులు ఆయన కథను ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఎందుకంటే ఆయనకు సైన్సు బడిలో దొరకలేదు. ఒక సులభమైన పుస్తకంలో, ఒకరు దయతో ఇచ్చిన టికెట్టులో దొరికింది.

కమ్మరి ఇంట్లో పుట్టుక

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ దగ్గర న్యూయింగ్టన్ బట్స్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఉత్తర ఇంగ్లండులోని ఒక పల్లె నుంచి పని వెతుక్కుంటూ లండన్ చేరిన కుటుంబం అది. తండ్రికి ఆరోగ్యం బాగుండేది కాదు. కొలిమి ముందు నిలబడలేని రోజులే ఎక్కువ. నలుగురు పిల్లల్లో మైకేల్ మూడోవాడు. 1801 ప్రాంతంలో గోధుమల ధర విపరీతంగా పెరిగినప్పుడు వారానికి ఒక రొట్టె ఇచ్చి, దానితోనే వారమంతా సరిపెట్టుకోమనేవారట. అప్పుడు అతనికి పదేళ్ళు కూడా నిండలేదు.

బడి చదువు అంటే చదవడం, రాయడం, కాస్త లెక్కలు. అంతే. పదమూడో ఏట, 1804లో, జార్జ్ రీబో అనే అతని పుస్తకాల దుకాణంలో పనికి చేరాడు. పేపర్లు ఇంటింటికీ ఇచ్చి రావడం మొదటి పని. ఆ రోజుల్లో పేపరు ఖరీదైన వస్తువు. ఒక ఇంట్లో చదివాక తిరిగి తీసుకుని ఇంకో ఇంటికి ఇవ్వాలి. ఏడాది తిరిగేసరికి రీబో ఆ పిల్లవాడి నమ్మకమైన పనితీరు చూసి, డబ్బు కట్టించుకోకుండానే ఏడేళ్ళ బైండింగు పని నేర్చుకునేందుకు ఒప్పుకున్నాడు. మామూలుగా అలా పని నేర్పడానికి తల్లిదండ్రులు సొమ్ము చెల్లించాలి. ఫారడే జీవితంలో తెరుచుకున్న మొదటి తలుపు ఇదే.

బైండింగు షాపే బడి

బైండింగుకు వచ్చే పుస్తకాలను కుట్టి, అట్ట వేసి ఇచ్చేయడం మిగతా పనివాళ్ళు చేసేది. ఫారడే వాటిని కుట్టేముందు చదివేవాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు గురించిన వ్యాసం అలాగే కంటబడింది. పాత సామాన్ల కొట్లో కొన్న గాజు సీసాలతో చిన్న విద్యుత్ యంత్రం తయారుచేసుకున్నాడు. వారానికి మిగిలిన కొద్ది పెన్నీలూ ప్రయోగాల సామానుకే పోయేవి.

అయితే అతని మనసును రసాయనశాస్త్రం వైపు తిప్పిన పుస్తకం పండితులు పండితుల కోసం రాసింది కాదు. జేన్ మార్సెట్ అనే మహిళ రాసిన రసాయన సంభాషణల పుస్తకం. ఒక టీచరమ్మ, ఎమిలీ, కరోలిన్ అనే ఇద్దరు అమ్మాయిలు - ఈ ముగ్గురి మాటల రూపంలో పుస్తకమంతా నడుస్తుంది. పిల్లలు అడుగుతారు, టీచరమ్మ చెబుతుంది, మధ్యలో ప్రయోగం చేసి చూపిస్తుంది. ఆ రోజుల్లో ఆడపిల్లలకు సైన్సు చదివే అవకాశం లేదు కాబట్టి వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసిన పుస్తకం అది. అది ఒక కమ్మరి కొడుకు చేతిలో పడింది. అందులో చెప్పిన చిన్న చిన్న ప్రయోగాలను తన స్థోమతకు తగ్గట్టు చేసి చూసుకున్నాడు. పుస్తకంలో రాసింది నిజంగానే జరుగుతోందని చూశాక పుస్తకం మీద నమ్మకం, తన మీద ధైర్యం రెండూ కలిగాయి. పెద్ద శాస్త్రవేత్త అయ్యాక కూడా ఫారడే జేన్ మార్సెట్‌ను తన మొదటి గురువుగానే గౌరవించాడు. కబుర్లలా సాగిన ఆ తేలిక పుస్తకం పదిమంది పండితులు చేయలేని పని చేసింది.

గడియారం పైన గ్యాలరీలో

1810లో తండ్రి చనిపోయాడు. అదే కాలంలో జాన్ టాటమ్ అనే ఆయన తన ఇంట్లో సైన్సు ఉపన్యాసాలు ఇస్తున్నాడని తెలిసింది. ఒక్కో ఉపన్యాసానికి ఒక షిల్లింగు. కమ్మరి పనిలో ఉన్న అన్న రాబర్ట్ ఆ షిల్లింగు ఇచ్చేవాడు. అన్న కొలిమి దగ్గర చెమటోడ్చిన డబ్బుతో తమ్ముడు చదువుకోవడం మన ఇళ్ళలో కొత్త సంగతి కాదు. మనలో ఎందరి ఫీజులు అలా కట్టినవి కావు?

ఫారడే రాసుకున్న నోట్సు దుకాణానికి వచ్చేవాళ్ళ కంట్లో పడింది. విలియం డాన్స్ అనే ఖాతాదారు 1812 మొదట్లో అతనికి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఇస్తున్న ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. డేవీ అప్పుడు లండన్‌లో సినిమా హీరో లాంటివాడు. ఆయన ప్రయోగాలు చూడటానికి ధనవంతులు బగ్గీలు కట్టుకుని వచ్చేవారు. ఇరవై ఏళ్ళ ఫారడే పైన గ్యాలరీలో గడియారానికి మీదుగా కూర్చుని నాలుగు ఉపన్యాసాలూ విన్నాడు.

ఇక్కడ ఆ గ్యాలరీ సంగతి ఒకటి చెప్పాలి. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1799లో మొదలైనప్పుడు చేతివృత్తులవాళ్ళు కూడా వచ్చి వినాలని కొందరు అనుకున్నారు. వాళ్ళు వీధిలోంచి నేరుగా గ్యాలరీకి ఎక్కేందుకు వేరే రాతి మెట్లు కట్టారు. పనివాళ్ళకు చదువు వస్తే రాజకీయంగా ప్రమాదమని పెద్దలు భయపడ్డారు. ఆ మెట్లు తీసేయించారు. అంటే ఫారడే లాంటివాళ్ళ కోసం కట్టిన దారి అతను వచ్చేసరికే లేదు. ఎవరో ఇచ్చిన టికెట్టే అతన్ని లోపలికి తెచ్చింది.

విన్నదంతా బొమ్మలతో సహా శుభ్రంగా తిరగరాసి, తనకు వచ్చిన విద్యతోనే అందంగా బైండు చేసి, పని ఇప్పించమని ఉత్తరం జతచేసి 1812 డిసెంబర్‌లో డేవీకి పంపాడు. అంతకుముందు రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు రాస్తే జవాబే రాలేదు. డేవీ మాత్రం పిలిచి మాట్లాడాడు. 1813 మార్చిలో ప్రయోగశాల సహాయకుడి ఉద్యోగం వచ్చింది. వారానికి 25 షిల్లింగుల జీతం, పై అంతస్తులో రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు ఉచితం. కొవ్వొత్తులు అన్న మాట గుర్తుంచుకోండి.

అవమానం - అధ్యయనం

అదే ఏడాది అక్టోబర్‌లో డేవీ దంపతులు యూరప్ యాత్రకు బయలుదేరారు. ఫారడే సహాయకుడిగా వెంట వెళ్ళాడు. డేవీ సొంత నౌకరు చివరి నిమిషంలో రానన్నాడు. ఆ పని కూడా ఫారడే మీద పడింది. డేవీ భార్య అతన్ని పనివాడిగానే చూసింది, నౌకర్లతో కలిసి భోంచేయమంది. వెనక్కి వెళ్ళిపోదామా అన్నంత బాధపడ్డాడు. కానీ అదే యాత్రలో పారిస్‌లో ఆంపియర్‌ను, మిలాన్‌లో ఓల్టాను కళ్ళారా చూశాడు. మనం ఈ రోజు కరెంటును కొలిచే రెండు మాటలు, ఆంపియర్, ఓల్టు, ఆ ఇద్దరి పేర్లే. అవమానాన్ని దిగమింగి, నేర్చుకోవాల్సింది నేర్చుకుని 1815లో తిరిగి వచ్చాడు.

తర్వాతి కథ పుస్తకాల్లో ఉన్నదే. 1821లో కరెంటుతో తీగను అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేశాడు. నేటి మోటారుకు అది తాత. 1825లో బెంజీన్‌ను కనుగొన్నాడు. 1831 ఆగస్టు 29న ఇనుప రింగు మీద రెండు తీగచుట్టలు చుట్టి విద్యుదయస్కాంత ప్రేరణను పట్టుకున్నాడు. అన్నీ చేసినా ఆయనకు గణితం పెద్దగా రాదు. సమీకరణాల బదులు కంటికి కనిపించే బొమ్మలతో ఆలోచించేవాడు. అయస్కాంతం మీద కాగితం పెట్టి ఇనుప రజను చల్లితే వంపు వంపు గీతలు వస్తాయి కదా! ఆ గీతలనే ఆయన బలరేఖలన్నాడు. తర్వాత మాక్స్‌వెల్ వాటిని గణితంలోకి మార్చాడు. నేటి రేడియో, సెల్‌ఫోన్ తరంగాల సిద్ధాంతం అక్కడి నుంచే వచ్చింది. పిల్లలు చూసి సంబరపడే ఆట, భౌతికశాస్త్రాన్ని మలుపు తిప్పిన ఆలోచన - రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. అందుకే పిల్లలకు చెప్పడం ఆయనకు తక్కువ పనిగా కనిపించలేదు.

పిల్లల కోసం క్రిస్మస్ పాఠాలు

రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రిస్మస్ ఉపన్యాసాలు 1825లో మొదలయ్యాయి. ఫారడే మొదటిసారి 1827లో రసాయనశాస్త్రం మీద చెప్పాడు. ఆ కాలంలో ఇంగ్లండులో పేరున్న బడుల్లో కూడా లాటిన్, గ్రీకు తప్ప సైన్సుకు చోటు లేదు. పిల్లలు సైన్సు చూడాలంటే ఇలాంటి చోటే గతి.

మాటకారితనం ఆయనకు పుట్టుకతో వచ్చిందనుకుంటే పొరపాటు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఇతరుల ఉపన్యాసాలను గమనించి హాలులో గాలి ఎలా రావాలి, బల్ల మీద పరికరాలు ఎలా అమర్చాలి, ఎంతసేపు మాట్లాడితే జనం విసుగుపడరు అని స్నేహితుడికి ఉత్తరాల్లో వివరంగా రాశాడు. డబ్బు కట్టి బెంజమిన్ స్మార్ట్ అనే ఉపాధ్యాయుడి దగ్గర మాట్లాడే పద్ధతి నేర్చుకున్నాడు. మాట వేగం పెరిగితే నెమ్మది అని రాసిన కార్డు, గంట కావస్తుంటే టైము అని రాసిన కార్డు సహాయకుడు ఆండర్సన్ ఆయన ముందు పెట్టేవాడు. చేతిలోని రాయి వదిలితే కింద పడుతుందని చెప్పాల్సి వచ్చినా సరే, వదిలి చూపించాల్సిందే అన్నది ఆయన నియమం.

ఇక ప్రయోగాలు చూస్తే పిల్లలు కేరింతలు కొట్టేవారు. పెద్ద విద్యుదయస్కాంతం శక్తి చూపడానికి పొయ్యి దగ్గరి బొగ్గుల బకెట్టునూ, కడ్డీనీ, పట్టుకారునూ దాని మీదికి విసిరేవాడు. అవి టప్పున అతుక్కుపోయేవి. హైడ్రోజన్ నింపిన సబ్బు బుడగలు పైకప్పుకు ఎగిరేవి. మందమైన ఇనుప సీసాలో నీళ్ళు పోసి బిగించి, మంచూ ఉప్పూ కలిపిన పాత్రలో పెడితే కాసేపటికి సీసా పగిలిపోయేది. నవ్వు, ఆశ్చర్యం, వెంటనే ఎందుకు అన్న ప్రశ్న. ఆ ప్రశ్న పుట్టాకనే ఆయన అసలు పాఠం మొదలుపెట్టేవాడు.

ఒక కొవ్వొత్తి, ఆరు పాఠాలు

అన్నిటిలోకీ పేరు పొందినవి కొవ్వొత్తి మీద చెప్పిన ఆరు ఉపన్యాసాలు. 1848లో ఒకసారి, 1860 చివర్లో మరోసారి చెప్పాడు. రెండోసారి ఆయనకు 69 ఏళ్ళు. పిల్లలకు ఆయన ఇచ్చిన చివరి ఉపన్యాసాలు అవే.

మొదటి పాఠంలో రకరకాల కొవ్వొత్తులు బల్ల మీద పెట్టాడు. వాటిలో ఒకటి 1782లో మునిగిపోయిన రాయల్ జార్జ్ ఓడలోంచి తీసినది. 57 ఏళ్ళు ఉప్పునీళ్ళలో ఉన్నా వెలిగించగానే వెలిగింది. ఇంకొకటి జపాన్ నుంచి వచ్చింది. పిల్లల కళ్ళన్నీ బల్ల మీదే. అప్పుడు ప్రశ్న వేశాడు: గట్టిగా ఉన్న మైనం మంట దాకా ఎలా చేరుతోంది?

మంట వేడికి మైనం కరుగుతుంది. చుట్టూ పైకి లేచే చల్లగాలి అంచును గట్టిగా ఉంచుతుంది కాబట్టి మధ్యలో చిన్న గిన్నె ఏర్పడుతుంది. కరిగిన మైనం వత్తి పోగుల సందుల్లోంచి పైకి పాకుతుంది. తువ్వాలు కొస నీళ్ళలో ఉంటే తడి పైకి ఎక్కినట్టే. పైకి వెళ్ళాక ఆవిరి అవుతుంది. మండేది మైనం కాదు, ఆ ఆవిరి. రుజువేమిటంటే, కొవ్వొత్తిని మెల్లగా ఆర్పి, పైకి లేచే తెల్లటి పొగకు కాస్త దూరంలో అగ్గిపుల్ల చూపిస్తే మంట పొగ వెంట దిగివచ్చి వత్తిని అంటుకుంటుంది.

తర్వాతి పాఠాల్లో మంట వెలుగు దానిలోని సన్నటి మసి రేణువులు వేడెక్కి మెరవడం వల్లనని చూపించాడు. మంట మీద చల్లని పాత్ర పట్టి, కింద చేరిన నీటిచుక్కలు చూపించాడు. నిప్పులోంచి నీళ్ళు! పిల్లలు నమ్మాలి కదా, అందుకని ఆ చుక్కకు పొటాషియం ముక్క తగిలించి మండించి అది నీరేనని నిరూపించాడు. మండగా వచ్చిన ఇంకో వాయువు సున్నపుతేటను పాలలా మార్చింది. చివరి పాఠంలో మన ఊపిరి కూడా సున్నపుతేటను అలాగే తెల్లబరుస్తుందని చూపించాడు. మనం తిన్న అన్నం లోపల మంట లేకుండా నెమ్మదిగా మండుతోందని, మనిషికీ కొవ్వొత్తికీ నడిచేది ఒకే రసాయన చర్య అని పిల్లలకు అర్థమైంది. ఒక్క కొవ్వొత్తి నుంచి కేశనాళికీయత, దహనం, నీటి నిర్మాణం, శ్వాసక్రియ దాకా తీసుకువెళ్ళాడు. మనం నాలుగు తరగతుల్లో నాలుగు ముక్కలుగా చదివేది అదే.

గారడీకీ దీనికీ తేడా

వింతలు చూపించేవాడు గారడీవాడూ ఉన్నాడు. తేడా ఏమిటి? గారడీవాడు కిటుకు దాస్తాడు. ఫారడే కిటుకు విప్పడానికే వింత చూపించేవాడు. 1853లో లండన్‌లో బల్లలు తిప్పే పిచ్చి పట్టింది. నలుగురు బల్ల చుట్టూ చేతులు ఆనిస్తే ఆత్మలు వచ్చి బల్లను కదుపుతాయని చదువుకున్నవాళ్ళే నమ్మారు. ఫారడే రెండు పలకల మధ్య గాజు కడ్డీలు పెట్టి, చిన్న కదలికను కూడా చూపే పుల్ల ఒకటి అమర్చాడు. తమకు తెలియకుండా కూర్చున్నవాళ్ళ చేతులే బల్లను నెడుతున్నాయని తేలిపోయింది. ఆ సంగతి పత్రికకు రాశాడు. మన ఊళ్ళలో జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు బాబాల మహిమల గుట్టు విప్పి చూపించే ప్రదర్శనలు ఈ దారిలోవే.

ఆ హాల్లో ఎవరున్నారు?

ఇంత గొప్ప పాఠాలు ఎవరు విన్నారు? ఇది మనం అడగాల్సిన ప్రశ్న. హాల్లోకి వెళ్ళాలంటే డబ్బు కట్టాలి, లేదా సభ్యుల పిల్లలై ఉండాలి. 1855 డిసెంబర్‌లో లోహాల మీద చెప్పిన పాఠానికి రాణి విక్టోరియా భర్త ఆల్బర్ట్ తన కొడుకులను వెంటబెట్టుకు వచ్చాడు. వాళ్ళలో పెద్దవాడు తర్వాత ఏడవ ఎడ్వర్డ్ పేరుతో మన దేశానికి కూడా చక్రవర్తి అయ్యాడు. ముందువరుసలో రాకుమారులు కూర్చున్నారు. అదే సమయంలో లండన్ వీధుల్లో పేపర్లు వేస్తున్న పదమూడేళ్ళ పిల్లవాడికి ఆ హాల్లో చోటు లేదు. ఫారడే మంచితనాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. మంచి గురువు ఒక్కడు ఉంటే చాలదు, తలుపు కూడా తెరిచి ఉండాలని చెప్పడానికే.

తలుపు వేరే విధంగా తెరుచుకుంది. విలియం క్రూక్స్ ఆ ఆరు ఉపన్యాసాలను రాయించి, 1861లో పుస్తకంగా తెచ్చాడు. హాలు గోడలు దాటి పాఠం బయటికి వచ్చింది. ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. జపాన్‌లో నాలుగో తరగతి చదివే అకీరా యోషినో అనే పిల్లవాడికి టీచరు ఈ పుస్తకం చదవమని చెప్పింది. అతను రసాయనశాస్త్రం వైపు వెళ్ళాడు. మన సెల్‌ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీకి గాను 2019లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. బైండింగు షాపులో ఒక పుస్తకం ఫారడేకు చేసిన మేలు, ఫారడే పుస్తకం మరో పిల్లవాడికి చేసింది.

1862లో ప్రభుత్వ కమిషన్ ముందు హాజరై, బడుల్లో సైన్సు తప్పక నేర్పాలని ఫారడే గట్టిగా వాదించాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామంటే వద్దన్నాడు. 1867 ఆగస్టు 25న తన కుర్చీలో కూర్చునే కన్నుమూశాడు. పిల్లలు లేని ఆ దంపతుల ఇంటికి పిల్లల కొరత ఎప్పుడూ రాలేదు. 1991 నుంచి 2001 దాకా చలామణిలో ఉన్న ఇరవై పౌండ్ల నోటు మీద ఆయన ఉపన్యాసం ఇస్తున్న బొమ్మ వేశారు. వారానికి ఒక్క రొట్టెతో పెరిగినవాడి బొమ్మ దేశం నోటు మీదికి ఎక్కింది. క్రిస్మస్ ఉపన్యాసాలు రెండో ప్రపంచయుద్ధంలో నాలుగేళ్ళు తప్ప ఆగలేదు. 1966 నుంచి ఏటా టీవీలో వస్తున్నాయి. ఇప్పుడు వాటికి టికెట్టు లేని పిల్లవాడు కూడా ప్రేక్షకుడే.

మనం చేయగలిగింది

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన ఇళ్ళలో మనకు సైన్సు చెప్పగలిగినవాళ్ళు తక్కువ. మనలో చాలామందికి ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి మనమే. అందుకే ఒక హాస్టల్లో పై తరగతి అన్న, అక్క కింది తరగతి పిల్లలకు మార్సెట్ పుస్తకం కావాలి, డాన్స్ ఇచ్చిన టికెట్టు కావాలి.

దానికి ల్యాబు అక్కర్లేదు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం. ఆ సాయంత్రం స్టడీ అవర్‌లో ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె, చల్లటి స్టీలు గ్లాసు తెచ్చుకోండి. కిళ్ళీకొట్టు సున్నం కాస్త నీళ్ళలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచితే పైకి తేరేదే సున్నపుతేట. రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టంతో అందులోకి మెల్లగా ఊదండి. ఊదడమే, పీల్చకూడదు. నీళ్ళు తెల్లబడతాయి. మంట మీద గ్లాసును క్షణంసేపు పట్టండి, లోపలి అంచున చెమ్మ చేరుతుంది. పొగకు అగ్గిపుల్ల చూపండి. పొటాషియం జోలికి మాత్రం పోవద్దు. వార్డెన్ సారు దగ్గర ఉంటే మంచిది.

చూపించాక వెంటనే జవాబు చెప్పేయకండి. అయిదో తరగతి పిల్లవాడు ఎందుకన్నా అని అడిగేదాకా ఆగండి. ఆ ప్రశ్న వచ్చిందంటే పాఠం మొదలైనట్టే. పూర్వ విద్యార్థులైన అన్నలూ, అక్కలూ, మీరు వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు స్వీట్లతో పాటు పిల్లలు తమంతట తాము చదువుకోగల ఒక మంచి సైన్సు పుస్తకం కూడా తెండి. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకుండా పిల్లల చేతికే ఇవ్వండి. ఎవరి చేతిలో పడుతుందో ఎవరికి తెలుసు!